సంక్రాంతి కుచ్చు నుంచి ఉగాది మూకుడు దాకా: పెరటి పిట్టలకు ఏ నెలలో ఏం పెట్టాలి

సంక్రాంతికి గుమ్మానికి కట్టిన వరి కుచ్చు శివరాత్రి నాటికి ఉత్త గడ్డిపరకలుగా మిగులుతుంది. చాలా ఇళ్ళలో పిట్టల సంగతి అక్కడితో సరి. కానీ పెరటి పిట్టలకు మనతో అసలు పని పడేది ఆ తర్వాతే.

ఈ ముక్క నా బుర్రకెక్కడానికి రెండేళ్ళు పట్టింది. మా చెల్లెలు న్యూజెర్సీలో ఉంటుంది. అక్కడ జనవరిలో నేలంతా మంచు కప్పేసి పిట్టలకు గింజ దొరకదు. అందుకే చలికాలమంతా పొద్దుతిరుగుడు గింజలు డబ్బాల్లో పోసి వేలాడదీస్తారు. అది వీడియో కాల్‌లో చూసి ముచ్చటపడి నేనూ డిసెంబర్‌లో కిలోలకొద్దీ నూకలు పోశాను. మన దగ్గర లెక్క వేరు. డిసెంబర్, జనవరి మనకు కోతల కాలం. కళ్ళాల్లో వడ్లు, చేలల్లో జొన్నలు, కంచెల మీద రేగుపళ్ళు. పిట్టకు దేనికీ లోటు లేదు. మార్చి వచ్చేసరికి కుంటలు అడుగంటుతాయి, గడ్డి మాడిపోతుంది, సరిగ్గా అప్పుడే వాటికి గూళ్ళు, గుడ్లు, పిల్లలు. కాబట్టి జనవరిలో కాస్త గింజ, ఫిబ్రవరిలో గూటికి చోటు, మార్చి నుంచి నీళ్ళు. నేను పాటించే వరస ఇది.

మేముండేది హైదరాబాద్‌లో, రెండంతస్తుల ఇంట్లో పై వాటా. కింద ఇంటివాళ్ళ చిన్న పెరడు, పైన డాబా. మీకు బాల్కనీ ఒక్కటే ఉన్నా ఇందులో ముప్పాతిక భాగం చేసుకోవచ్చు.

1. కనుమ మర్నాడు ముందు చెట్లు దులపండి

మేత సంగతి తర్వాత. పండగ మూడు రోజులూ ఎగరేసిన గాలిపటాల దారం వేపకొమ్మల్లో, కరెంటు తీగల మీద, డాబా మీది కేబుల్ వైర్లకు చుట్టుకుని ఉంటుంది. నైలాన్ మాంజాను 2017లోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతా నిషేధించింది. అయినా ఏటా దొరుకుతూనే ఉంది. ఈ దారం ఎండకూ వానకూ చివకదు. నెలల తరబడి అలాగే ఉండి, గూడు కట్టే పిట్ట కాలికో రెక్కకో పడుతుంది.

పొడవాటి కర్రకు చివర కొడవలో కొక్కెమో కట్టి, అందినంత దారం లాగేయండి. దాన్ని ముక్కలు ముక్కలుగా కత్తిరించి చెత్తలో వేయండి. ఉండగా చుట్టి పారేస్తే కుక్క కాలికో ఆవు కాలికో చుట్టుకుంటుంది. కరెంటు తీగల మీద ఉన్నదాన్ని మాత్రం ముట్టుకోవద్దు, లైన్‌మన్‌కు చెప్పండి.

దారం కోసుకుని రెక్క గాయమైన పిట్ట దొరికితే, గాలి ఆడేలా చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో పాత గుడ్డ పరిచి, పిట్టను అందులో పెట్టి మూత వేయండి. చీకటిగా, చడీచప్పుడు లేకుండా ఉంటే చాలు. నోరు తెరిచి నీళ్ళు పోయకండి, అవి ఊపిరి గొట్టంలోకి పోయి చచ్చిపోతుంది. ఆ పెట్టెను అలాగే పశువుల డాక్టరు దగ్గరికో, పక్షుల్ని కాపాడే సంస్థకో తీసుకెళ్ళండి.

2. గింజ వేసే ముందు వారం రోజులు ఊరికే చూడండి

ఇది చాలామంది చేయరు. చేస్తే బోలెడు డబ్బు మిగులుతుంది. నేను చూడకుండా ముందే ఆన్‌లైన్‌లో ఒక ప్లాస్టిక్ ఫీడర్ కొన్నాను. అది పొద్దుతిరుగుడు గింజ తినే పిట్టల కోసం చేసింది. మా పెరట్లో అలాంటి పిట్టే లేదు. ఇప్పుడది మా ఇంట్లో బట్టల క్లిప్పుల డబ్బా.

పొద్దున్న ఆరున్నరకూ ఏడున్నరకూ మధ్య ఒక పావుగంట, ఒకే చోట కుర్చీ వేసుకుని కూర్చోండి. కాఫీ తాగండి, ఫోను చూడకండి. ఒక నోటుబుక్కులో తేదీ, ఎన్ని గంటలకు, ఏ పిట్టలు, ఎన్ని, ఏం చేస్తున్నాయి అన్నది రాయండి. లెక్కలో ఒక చిక్కు ఉంది. ఒకే పిచ్చుక పదిసార్లు వచ్చిపోతే పది పిచ్చుకలు కావు. అందుకని ఒక్కసారిగా కంటికి కనిపించిన వాటిలో ఎక్కువ సంఖ్య ఎంతో అదే రాయండి. మొదట రెండు, తర్వాత అయిదు, చివర మూడు కనిపిస్తే, లెక్క అయిదు.

బైనాక్యులర్ తప్పనిసరేమీ కాదు. కొనాలనుకుంటే 8x42 అని రాసి ఉన్నది చూసుకోండి. ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది, ముందు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లు. ఇరవై రెట్లు చూపించేవి చవగ్గా అమ్ముతారు గానీ చేతిలో వణుకుతాయి, పిట్ట దొరకదు.

పేర్లు తెలియకపోతే మెర్లిన్ అనే యాప్ ఉంది, అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ పక్షుల ల్యాబ్ వాళ్ళది, ఉచితం. కూత వినిపిస్తే ఏ పిట్టో చెబుతుంది. నూటికి నూరు పాళ్ళూ నమ్మకండి. ప్రెషర్ కుక్కర్ విజిల్ వేసినప్పుడు మా ఇంట్లో లేని పిట్టలన్నీ చూపించింది.

చూసిన లెక్క నలుగురికీ ఉపయోగపడాలంటే ఫిబ్రవరి మధ్యలో నాలుగు రోజులు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అనే పెరటి పిట్టల లెక్క జరుగుతుంది. 1998లో ఉత్తర అమెరికాలో మొదలైంది, 2013 నుంచి మన దేశంలోనూ చేస్తున్నారు. కనీసం పావుగంట చూసి, ఈబర్డ్ యాప్‌లో ఎక్కించడమే పని. డాబా మీద కూర్చుని చేసిన లెక్క కూడా పనికొస్తుంది. కాకి, పావురం కదా అని వదిలేయకండి, వాటినీ రాయాలి.

3. జనవరి మేత: కుచ్చు, నూకలు

కుచ్చు కొనుక్కోవచ్చు. సంక్రాంతి ముందు రైతు బజార్ల దగ్గర, గుళ్ళ దగ్గర అమ్ముతున్నారు. మీరే కట్టాలనుకుంటే ఊళ్ళో తెలిసినవాళ్ళకు డిసెంబర్ మొదట్లోనే చెప్పి ఉంచండి. కోత మిషన్ చేలో దిగితే గింజ ఒక పక్క, గడ్డి ముక్కలు ఒక పక్క పడతాయి, కంకితో ఉన్న పొడవాటి పరక మిగలదు. మిషన్ రాకముందే గట్టువారగా కొడవలితో నాలుగు పిడికిళ్ళు కోసి పెట్టమనాలి. మాకు అమలాపురం దగ్గర్నుంచి మేనత్త పంపిస్తుంది. ఆవిడ కట్టే అల్లిక కుచ్చు నాకు ఇప్పటికీ రాదు, నాది కట్ట మాత్రమే.

కట్టే పద్ధతి: కంకుల్ని నీడలో రెండు రోజులు ఆరనివ్వండి. కట్టే ముందు కాడల్ని మాత్రం అరగంట నీళ్ళలో నానబెట్టండి, లేకపోతే వంచగానే విరుగుతాయి. పిడికెడు కాడలు కలిపి కంకులకు జానెడు పైన పురికొసతో బిగించి, కంకులు కిందికి వేలాడేలా తగిలించండి. గోడకు ఆనించి కట్టకండి. గోడ పట్టుకుని ఎలుక ఎక్కుతుంది. పిల్లి ఎగిరినా అందనంత ఎత్తులో, దగ్గర్లో రెండు మూడు మీటర్ల దూరంలో ఏదైనా పొద ఉండేలా చూడండి. చిన్న డేగ వచ్చినప్పుడు పిచ్చుకలు అందులో దూరతాయి. పొద మరీ ఆనుకుని ఉంటే అందులో పిల్లి కాచుకుంటుంది.

కుచ్చుకు ఒక మంచి గుణం ఉంది. పిచ్చుక దాన్ని పట్టుకుని వేలాడుతూ తినగలదు, పావురం వేలాడలేదు. ఖరీదైన ఏ ఫీడరూ ఇంత సులువుగా ఈ పని చేయదు.

కుచ్చు లేనివాళ్ళు, అయిపోయినవాళ్ళు నూకలు వేయవచ్చు. నూకలు, కొర్రలు, సజ్జలు సమంగా కలిపి రోజుకు ఒక గుప్పెడు, మహా అయితే రెండు. పొద్దున్నే వేయాలి, పది గంటలకల్లా అయిపోవాలి. మిగిలితే మర్నాడు తగ్గించండి. పచ్చి బియ్యం పిట్ట కడుపులో ఉబ్బి చచ్చిపోతుందని ఒక మాట తిరుగుతుంటుంది, అది నిజం కాదు. చేలో పచ్చి వడ్లు తినే పిట్టలకు నూకలు ఒక లెక్కా?

వేయకూడనివి: ఉప్పూకారం తగిలినవి ఏవీ వద్దు. మిక్చరు, చిప్స్, బిస్కెట్లు, బ్రెడ్డు వద్దు. పాలు వద్దు. కాకికి అన్నం ముద్ద పెట్టే అలవాటున్న ఇళ్ళలో పెట్టుకోండి, ఉప్పు లేని ఉత్తన్నం, కాకి తినేసేంత మాత్రమే. మార్చి ఎండకు అన్నం త్వరగా పులుస్తుంది.

ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాలి. ఊళ్ళో పొలం ఉన్నవాళ్ళ ఇంట్లో విత్తనాల సంచిలో అడుగున కాసిని గింజలు మిగులుతాయి. ఎర్రగానో గులాబీగానో రంగు పూసి ఉంటే అవి మందు పట్టించిన విత్తనాలు. పారబోయబుద్ధి కాక పిట్టలకు వేస్తే విషం వేసినట్టే.

4. పావురాలతో పేచీ

ఇక్కడ నా కథ చెప్పుకోవాలి. మొదటి ఏడాది డాబా మీద చాట నిండా నూకలు పోశాను. మూడు రోజులు పిచ్చుకలు వచ్చాయి. నాలుగో రోజు రెండు పావురాలు. రెండో వారానికి నలభై. పిచ్చుకలు పిట్టగోడ చివర కూర్చుని చూడటమే మిగిలింది. (పిట్టగోడ అని ఎవరు పేరు పెట్టారో గానీ, ఆ రోజుల్లో అది పావురాల గోడ.) కింద ఇంటివాళ్ళ ఆరేసిన చీరల మీద రెట్టలు, ఏసీ యూనిట్ వెనక గూళ్ళు. ఇంటివాళ్ళ అమ్మగారు పైకి వచ్చి, "మీరు పిచ్చుకలని చెప్పారు కదమ్మా, ఇవేంటి?" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

పావురాల మీద కోపం అక్కర్లేదు గానీ, గుంపుగా మరిగితే ఇబ్బంది నిజమైనదే. ఎండిన రెట్టల పొడి, ఈకల నలుసు ఏళ్ళ తరబడి పీలిస్తే కొందరికి ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. ఆస్తమా ఉన్నవాళ్ళు, ముసలివాళ్ళు ఉన్న ఇంట్లో ఈ విషయం తేలిగ్గా తీసుకోవద్దు.

నేను చేసిన మార్పులు ఇవి. నేల మీద, గోడ మీద గింజ వేయడం పూర్తిగా మానేశాను. పది రోజులు ఏదీ వేయలేదు, పావురాలు వేరే డాబా చూసుకున్నాయి. తర్వాత ఒక పాత కూరగాయల బుట్టకు రెండు అంగుళాల కన్నా సన్నని గళ్ళున్న ఇనప జాలీ చుట్టూ కట్టి, లోపల చిన్న పళ్ళెంలో నూకలు పెట్టాను. గడి నాలుగైదు సెంటీమీటర్లుంటే పిచ్చుక దూరుతుంది, పావురం దూరదు. జాలీ అంచుకూ పళ్ళేనికీ మధ్య జానెడు ఖాళీ ఉండాలి, లేకపోతే పావురం మెడ పెట్టి తింటుంది. కోసిన ఇనప తీగ కొసలు లోపలికి మడవండి.

వారానికోసారి పళ్ళెం కడిగి ఎండబెట్టండి. రెట్టలు ఊడ్చేటప్పుడు ముందు నీళ్ళు చల్లి తడిపి, మూతికి గుడ్డ కట్టుకుని ఊడవాలి. సాయంత్రానికి కింద గింజ మిగిలితే ఎత్తేయండి, రాత్రికి ఎలుకలు వస్తాయి.

ఇంకో మాట. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ళ ఫారాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది. అలాంటి వార్త మీ చుట్టుపక్కల వినిపిస్తే మేత కొన్నాళ్ళు ఆపేయండి, పిట్టల్ని ఒకచోట గుంపు చేయడం మంచిది కాదు. కాకులో మరే పిట్టలో వరసగా చచ్చి పడి ఉంటే చేత్తో ముట్టుకోకుండా పశుసంవర్థక శాఖవాళ్ళకు చెప్పండి.

5. గింజ తినని పిట్టల సంగతి

పెరట్లో సగం పిట్టలు గింజ ముట్టవు. వాటికి పండు, పువ్వు, పురుగు కావాలి.

పండు సులువు. బొప్పాయి చెక్క, మగ్గిన అరటిపండు, సగానికి కోసిన జామకాయ కొమ్మకు గుచ్చి పెట్టండి. నల్ల జుట్టు, తోక కింద ఎర్ర మచ్చ ఉన్న పిగిలిపిట్ట మొదట వస్తుంది. దీన్నే బుల్‌బుల్ అంటాం. గోరువంకలు తర్వాత. కోకిల కూడా పండ్లే తింటుంది, కానీ ఆకుల్లో దాక్కుని వస్తుంది, ఓపిక పట్టాలి. ఉడతలు ఎలాగూ వస్తాయి, వాటి వాటా వాటికి పోతుంది. మధ్యాహ్నానికి మిగిలిన ముక్కలు తీసేయండి, ఈగలు ముసురుతాయి. చీమలు పట్టకుండా తీగకు గ్రీజు, నూనె రాయవద్దు. ఈకలకు అంటితే పిట్ట ఎగరలేదు. పళ్ళేన్ని నీళ్ళ గిన్నెలో బోర్లించిన లోటా మీద పెట్టండి, మన అమ్మమ్మలు బెల్లం డబ్బా పెట్టినట్టు.

తేనెపిట్టకు పంచదార నీళ్ళు పెట్టేవాళ్ళున్నారు. నేను పెట్టను. మునగచెట్టు పూతమీదున్న ఇంట్లో పంచదార ఎందుకు? జనవరి నుంచి మార్చి దాకా మునగ, మందారం, నూరువరహాలు చాలు దానికి. మగ తేనెపిట్టను ఈ నెలల్లో కనిపెట్టి చూడండి. చలికాలంలో ఆడదానిలాగే కింద పసుపుగా ఉండి, గొంతు నుంచి పొట్ట దాకా సిరా గీత గీసినట్టు ఒక నల్ల చార ఉంటుంది. తర్వాత అక్కడక్కడా నల్ల మచ్చలు తేలతాయి. కొన్ని వారాల్లో ఒళ్ళంతా నీలం, ఊదా మెరిసే నలుపు అయిపోతుంది. నోటుబుక్కులో రాసుకోదగ్గ మార్పు ఇది. నేను మొదట్లో వాటిని రెండు వేరు వేరు పిట్టలనుకున్నాను.

పురుగుల విషయంలో మీరు చేయాల్సింది ఏమీ చేయకపోవడమే. పిచ్చుక పెద్దయ్యాక గింజ తింటుంది గానీ దాని పిల్లలు మొదటి రోజుల్లో పురుగులు తినే బతకాలి. గొంగళిపురుగులు, పేనుబంక, చిన్న మిడతలు దొరకకపోతే మీరెన్ని నూకలు పోసినా గూట్లో పిల్ల నిలవదు. ఫిబ్రవరి నుంచి పెరట్లో పురుగుల మందు కొట్టడం ఆపండి. కరివేపాకు నాలుగు రెమ్మలు పురుగు తింటే తిననివ్వండి. ఆ చెట్టుకే తర్వాత నల్లటి పళ్ళు కాస్తే పిగిలిపిట్టలు, కోకిలలు వచ్చి వాలతాయి.

6. ఫిబ్రవరి: గూటికి చోటు

పిచ్చుకలకు చెట్టు అక్కర్లేదు, కంత కావాలి. పెంకుటిళ్ళలో చూరు కింద బోలెడు కంతలుండేవి. స్లాబు ఇళ్ళలో, అద్దాల కిటికీల్లో లేవు. పెట్టె పెట్టాలంటే ఫిబ్రవరి మొదట్లోనే పెట్టండి. మార్చి 20న ప్రపంచ పిచ్చుకల దినం, 2010 నుంచి జరుపుతున్నారు. ఆ రోజు చాలాచోట్ల అట్టపెట్టె గూళ్ళు పంచుతారు. మంచిదే గానీ, అప్పటికి చాలా జంటలు చోటు చూసేసుకుని ఉంటాయి.

చెక్క పెట్టె మేలు. అట్టపెట్టె ఒక్క వానకు పోతుంది. అడుగు జానెడు వెడల్పు, జానెడు పొడవు, ఎత్తు అంతకంటే కొంచెం ఎక్కువ. ముందు పలకకు పై భాగంలో 32 మిల్లీమీటర్ల కంత, అంటే పది రూపాయల బిళ్ళ కన్నా కొంచెం పెద్దది. ఇంకా పెద్దది చేస్తే గోరువంక వచ్చి పిచ్చుకను వెళ్ళగొడుతుంది. కంత కింద పుల్ల దిగ్గొట్టకండి, అది పిచ్చుకకు అవసరం లేదు, కాకి నిలబడి లోపలికి ముక్కు పెట్టడానికి పనికొస్తుంది. అడుగున రెండు మూడు సన్నని చిల్లులు గాలికి. మధ్యాహ్నం ఎండ పడని గోడకు, ఏడెనిమిది అడుగుల ఎత్తులో మేకు కొట్టి బిగించండి. ఊగకూడదు. లోపల మీరు పీచు, దూది కుక్కకండి. అలంకారం వాటి పని.

ఫ్యాన్ ఉన్న గదిలో, ఫ్యాన్ ఉన్న వరండాలో మాత్రం ఎప్పుడూ పెట్టవద్దు. ఇంట్లో దూరిన పిచ్చుకలు ఎక్కువగా చచ్చేది ఫ్యాన్ రెక్కలు తగిలే. ఇప్పటికే ట్యూబ్‌లైటు పట్టీ మీద పరకలు పేరుస్తుంటే, గుడ్లు పెట్టకముందే కిటికీ మూసి, బయట పెట్టె చూపించండి.

గూడు కట్టే సరుకుగా కొబ్బరి పీచు, ఎండు గడ్డి ఒక మూల వదిలేస్తే తీసుకుపోతాయి. దారాలు, జుట్టు వేయవద్దు, పిల్లల కాళ్ళకు చుట్టుకుంటాయి. పళ్ళెంలో రెండు వేళ్ళ మందాన పొడి మట్టి పోసి ఎండలో పెట్టి చూడండి. పిచ్చుకలు అందులో పొర్లి స్నానం చేస్తాయి. పిల్లలున్న ఇంట్లో ఇంతకన్నా మంచి సినిమా లేదు.

తేనెపిట్ట గూడు వేరు. సాలెగూళ్ళతో, ఎండుటాకులతో సంచిలా అల్లి దండెం తాడుకో కాలింగ్ బెల్ వైరుకో వేలాడదీస్తుంది. చూడటానికి చెత్త వేలాడుతున్నట్టే ఉంటుంది. చీపురుతో కొట్టే ముందు పక్కన కంత ఉందేమో చూడండి. మా దండెం మీద ఒకటి కడితే నెలన్నర బట్టలు మెట్ల మీద ఆరేసుకున్నాం. ఇంట్లోవాళ్ళు సణిగారు, తర్వాత పిల్ల తల బయటపెట్టిన రోజు వీడియో తీసుకున్నదీ వాళ్ళే.

ఈ రోజుల్లోనే మీ బండి అద్దాన్ని ఒక పిట్ట టకటకా పొడుస్తుంటుంది. పిచ్చి పట్టలేదు. అద్దంలో కనిపించేది తన చోటు లాక్కోడానికి వచ్చిన ఇంకో మగపిట్ట అనుకుంటుంది. రోజంతా పొడిచి అలసిపోతుంది. బండి నిలిపినప్పుడు అద్దానికి పాత సాక్సు తొడగండి, టెన్షన్ ఇద్దరికీ తగ్గుతుంది. ఇదే కారణంతో ఫోన్‌లో పిట్ట కూత పెట్టి పిట్టను పిలిచే ఆట ఈ నెలల్లో ఆడకండి.

7. ఎవరు వెళ్తున్నారు, ఎవరు పాడుతున్నారు

శివరాత్రికి ఉగాదికి మధ్య నోటుబుక్కులో రెండు జాబితాలు పెట్టండి.

మొదటిది వెళ్ళిపోయేవాళ్ళది. చలికాలంలో ఉత్తరాది నుంచి వచ్చే నూనెబుడ్డిగాడు అనే పిట్ట ఉంది. నల్లటి ఒళ్ళు, ఇటుక రంగు పొట్ట, కూర్చున్న చోట తోక వణికిస్తూ ఉంటుంది. నేల మీద తోక పైకీ కిందికీ ఆడిస్తూ పరిగెత్తే వాగ్‌టైళ్ళు, సాయంత్రం ఆకాశంలో మబ్బులా తిరిగే గులాబీ రంగు గోరువంకలు కూడా చలికాలపు అతిథులే. ఆ గోరువంకలు వెళ్ళే ముందు బూరుగు, మోదుగ పూల మీద పడతాయి. వీటిలో ప్రతిదాన్నీ చివరిసారి చూసిన తేదీ రాయండి. చివరిసారి అని ఆ రోజు తెలియదు కదా, అందుకే కనిపించిన ప్రతి రోజూ రాయాలి.

రెండోది గొంతు విప్పేవాళ్ళది. పెద్ద నల్లంచి, అంటే నలుపు తెలుపుల్లో తోక నిక్కబొడుచుకుని ఉండే పిట్ట, చలికాలమంతా గుర్రుమని ఊరుకుని, ఫిబ్రవరి చివర్లో తెల్లవారకముందే యాంటెనా కడ్డీ మీద పాట మొదలుపెడుతుంది. కంసాలిపిట్ట రావి కొమ్మ మీద టుక్, టుక్, టుక్ మని గంటలకొద్దీ ఒకే వరసన కొడుతుంది. దాని ముక్కు తెరుచుకోదు, గొంతు ఉబ్బుతుంది, చూడండి. నుదుట, గొంతు దగ్గర కుంకుమ పెట్టినట్టు ఎరుపు.

ఇక కోకిల. కుహూ అనేది నల్లటి, ఎర్రకళ్ళ మగది. ఆడది గోధుమరంగు మీద తెల్ల చుక్కలతో ఉండి కిక్‌కిక్‌కిక్ మని అరుస్తుంది. చాలామంది దాన్ని వేరే పిట్ట అనుకుంటారు. మొదటి కుహూ విన్న తేదీ ఏటా రాస్తే, ఉగాదికి ఎన్నాళ్ళ ముందు కూస్తోందో మీకే తెలుస్తుంది. మా వీధిలో అది ఎప్పుడూ ఉగాది దాకా ఆగలేదు.

8. మార్చి నుంచి: నీళ్ళు

గింజ తగ్గిస్తూ రండి, నీళ్ళు ఒక్క రోజు కూడా మానకండి. ప్లాస్టిక్ టబ్బు, స్టీలు గిన్నె ఎండకు కాలిపోతాయి. మట్టి మూకుడు మంచిది. వెడల్పుగా ఉండాలి, లోతు రెండంగుళాలు దాటకూడదు. మధ్యలో ఒక గరుకు రాయి పెట్టండి, చిన్న పిట్టలు దాని మీద నిలబడి తాగుతాయి. తేనెటీగలకూ అదే దారి. ఒకటి నేలకు కొంచెం ఎత్తులో, ఒకటి డాబా మీద నీడలో పెట్టండి. పిట్టగోడ అంచున పెడితే కోతులో కాకులో కింద పడేస్తాయి, కింద మనుషులుంటారు.

రోజూ పొద్దున్న పాత నీళ్ళు మొక్కకు పోసి, కొబ్బరి పీచుతో రుద్ది కడిగి, కొత్త నీళ్ళు పోయండి. సబ్బు వద్దు. దోమ గుడ్డు నుంచి దోమగా మారడానికి ఎండాకాలంలో వారం, పది రోజులు చాలు. రోజూ మారిస్తే ఆ భయం లేదు. ఊరు వెళ్తున్నారా, మూకుడు బోర్లించి పోండి, లేదా పక్కింటివాళ్ళకు అప్పజెప్పండి. మధ్యాహ్నం రెండింటికి ఒకసారి నింపితే సాయంత్రం దాకా ఉంటాయి.

నీళ్ళ దగ్గరే మీకు ఎక్కువ పిట్టలు కనిపిస్తాయి. గింజ దగ్గరికి ఎన్నడూ రానివాళ్ళంతా దాహానికి వస్తారు. ఏడెనిమిది కలిసి గోలగోలగా తిరిగే బూడిదరంగు పిట్టలు, గువ్వలు, రామచిలకలు. రామచిలక పిల్ల దొరికింది కదా అని పంజరంలో పెట్టకండి. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం అది నేరం.

ఏప్రిల్‌లో ఎగరడం రాని పిల్లలు నేల మీద కనిపిస్తాయి. ఈకలు వచ్చి, గెంతుతూ ఉంటే దానికి ఏ ప్రమాదమూ జరగలేదు, ఎగరడం నేర్చుకుంటోంది. తల్లి పక్క కొమ్మ మీదే ఉంటుంది. కుక్క, పిల్లి అందని కొమ్మ మీద కూర్చోబెట్టి మీరు లోపలికి వచ్చేయండి. ఈకలు లేని పసిగుడ్డు పడితే గూట్లో పెట్టేయండి. మనిషి ముట్టుకుంటే తల్లి రానివ్వదనే మాట నిజం కాదు. గూడే ఊడి పడితే చిన్న బుట్టలో పెట్టి అదే కొమ్మకు కట్టండి, తల్లి వెతుక్కుంటూ వస్తుంది.

తొలకరి పడ్డాక మూకుడు కడిగి అటక మీద పెట్టేయవచ్చు. గింజ కూడా వానాకాలంలో పెట్టకండి, రాత్రికి రాత్రే బూజు పడుతుంది. పిల్లలు ఎగిరిపోయి పదిహేను రోజులైనా ఎవరూ రాకపోతే పిచ్చుకల పెట్టె దించి, లోపలి గడ్డి తీసేసి, ఒక పూట ఎండలో ఆరబెట్టి మళ్ళీ తగిలించండి, ఆ జంటే ఇంకోసారి గుడ్లు పెట్టవచ్చు. కుచ్చు వేలాడదీసిన కొక్కెం అక్కడే ఉంచుకోండి. డిసెంబర్‌లో ఊరికి ఫోన్ చేసి నాలుగు పిడికిళ్ళ కంకులు అడగడం మాత్రం మర్చిపోవద్దు, ఈసారి మిషన్ దిగకముందే.